కుండల కింద తడి

సాన మీద నీళ్ళు ఎక్కువైపోయాయి. మొహానికి పూసుకునే థనకా చెక్క జారుతోంది తప్ప గంధం చిక్కగా దిగడం లేదు, సానని ఒక పక్కకి వంచి నీళ్ళు ఒంపేసి మళ్ళీ మొదలుపెడతాను, గుండ్రంగా, నెమ్మదిగా, చిన్నప్పుడు అమ్మ నా చేతి మీద చెయ్యి పెట్టి నేర్పినట్టు. పాపకి మెడ మడతల్లో చెమటకాయలు పేలాయి, దానికి పూయాలి. వదినకీ కొంచెం కావాలట. "నాకూ రెండు బుగ్గలకీ సరిపడా తియ్యి త్వే, అందరి ముందూ కూర్చోవాలి కదా" అంది పొద్దున, తినడం మానేసిన మనిషి, తల దువ్వుకోవడం మానేసిన మనిషి, ఆ ఒక్క మాట మాత్రం మామూలుగా అంది. మఠంలో చెక్కగంట మోగగానే వదిన వెళ్ళాలి. ఊరంతా కూర్చున్న చోట, దండు వచ్చిన రోజు పొద్దున కల్లు గీసే బా షెయిన్ బాబాయి తాటిచెట్టు మీద కూర్చుని ఫోనులో మాట్లాడుతుంటే నా కళ్ళతో చూశాను అని చెప్పాలి. అంతే. అబద్ధం కాదు, నిజంగానే చూసింది. చూసింది చూసినట్టు చెప్తే చాలు, తక్కినది ల్విన్ మో, అతనితో కలిసి తుపాకులు పట్టి ఊరు కాస్తున్న కుర్రాళ్ళు చూసుకుంటారు. తక్కినది అంటే ఏమిటో అందరికీ తెలుసు. వాగు అవతలి ఊళ్ళో ఒకతను సైన్యానికి కబుర్లు చేరవేశాడని తేల్చినప్పుడు, మర్నాడు నాలుగుదార్ల దగ్గర అతను పడి ఉంటే మేం సంతకి వెళ్తూ చూశాం, మొహం మీద ఎవరో సంచీ కప్పారు, లుంగీ మాత్రం కనపడుతోంది, పచ్చ గళ్ళ లుంగీ, కొత్తది. బా షెయిన్ బాబాయి ఎవరికీ ఏ కబురూ చేరవేయలేదు. సైనికులకి అన్నయ్య వాళ్ళ జాడ ఇచ్చింది ఆయన కాదు. ఆ సంగతి ఈ ఊళ్ళో నాకు తెలుసు, నాకొక్కదానికే తెలుసు, తెలిసీ ఇలా గంధం తీస్తూ కూర్చున్నాను.

"ఏమే త్వే, చెక్కనా రాయినా నువ్వు అరగదీసేది?" కింద నుంచి సెయిన్ అత్త. మా ఇంటి కింద, ఇంటిని ఎత్తి నిలిపిన గుంజల మధ్య నీడలో మంచం వేసుకుని ఉంటోంది, తూర్పు వరస ఇళ్ళన్నీ కాలినప్పుడు ఆమెదీ కాలింది, మిగిలింది ఆ మంచం, ఒక రోలు. వెదురు నేల సందుల్లోంచి ఆమె నెరిసిన పాపిట కనిపిస్తోంది నాకు. "మీ వదినకి చెప్పు. గట్టిగా చెప్పమను అక్కడ. నంగినంగిగా మాట్లాడిందంటే ఆ బా షెయిన్ ఏదో ఒక వెటకారం ఆడి అందరినీ నవ్వించి బయటపడతాడు. నోరు కాదు వాడిది, తిరణాల." నేను ఊఁ అన్నాను. "ఊఁ ఏమిటే ఊఁ. వాడి కొడుకు ఆ పక్క తుపాకీ పట్టుకుని జీతం తింటున్నాడు, నా ఇల్లు బూడిదైంది. లెక్క సరిపోలా?" కొడుకు తనంతట తాను పోయాడా అత్తా, చీటీల్లో పేరొచ్చింది కదా అని నాలుక చివరి దాకా వచ్చింది. కిందటి వానల ముందు సైన్యంలోకి పట్టుకుపోవడానికి ఊళ్ళో కుర్రాళ్ళ పేర్లన్నీ చీటీలు వేసి తీశారు. డబ్బున్న ఇళ్ళ పేర్లు ఆ చీటీల్లో ఎలా రాలేదో ఎవరూ అడగలేదు. బా షెయిన్ బాబాయి ఎద్దుల్ని అమ్మి ఆ పేరు కొట్టేయించడానికి డబ్బు తీసుకెళ్ళేలోపే కొడుకుని లారీ ఎక్కించేశారు, ఎద్దుల డబ్బు సంచీలో పట్టుకుని ఆయన లారీ వెనక కొంతదూరం పరిగెత్తాడు, చూసినవాళ్ళలో సెయిన్ అత్త కూడా ఉంది, ఏడ్చింది కూడా. ఇప్పుడు ఆ మాట ఆమెకి గుర్తు చేసేవాళ్ళు లేరు. ఇల్లు కాలితే మనిషికి గుర్తులు కూడా కాలిపోతాయేమో. "నేను ముందుగా పోయి చోటు పట్టుకుంటా, లేకపోతే స్తంభం వెనక కూర్చోవాలి, నాకు చెవి సరిగ్గా ఆనదు" అంటూ చెప్పులు ఈడ్చుకుంటూ ఆమె వెళ్ళిపోయింది. నాటకానికి వెళ్ళినట్టు. నేను నవ్వబోయాను, అలవాటు కొద్దీ, ఆమె మాట్లాడితే నాకు నవ్వొస్తుంది, నవ్వకుండానే చెక్కని మళ్ళీ తిప్పాను.

ఎండ వెదురు తడికల్లోంచి చారలు చారలుగా పడుతోంది. గాలి వీచినప్పుడల్లా తూర్పు వైపు నుంచి మసి వాసన, కాలిన నువ్వుల వాసన, ఇళ్ళతో పాటు గాదెల్లో నువ్వులూ కాలాయి, మొదటి రోజు ఆ వాసన కమ్మగా ఉండి పిల్లలు ఆకలన్నారు. బా షెయిన్ బాబాయి ఒంటి నుంచి ఎప్పుడూ తాటిబెల్లం పాకం వాసన వస్తుంది. చెట్లు దిగి, మోకులు భుజాన వేసుకుని, పొద్దున మా చింతచెట్టు కింద ఆగేవాడు. చింతచెట్టు కింద దారి వారగా మా చలివేంద్రం, చెక్క అరుగు, దాని మీద మూడు మట్టికుండలు, పైన చిన్న తాటాకు కప్పు, దారిన పోయేవాళ్ళు ముంచుకు తాగడానికి కొబ్బరిచిప్ప. ఆయన చిప్పతో నీళ్ళు తాగి మీసం తుడుచుకుని, "అమ్మాయ్ త్వే, ఇందులో కాస్త కల్లు కలుపు, నీకు పుణ్యం రెట్టింపు, నాకు చెట్లెక్కే పని తగ్గుద్ది" అనేవాడు. నేను కుండ రుద్దుతూనే ఉండేదాన్ని. "మాట్లాడదు. మాటకి ఇంత అని ఎవరైనా పన్ను వేశారా నీకు? ఈ రోజుల్లో వేసినా వేస్తార్లే" అనేవాడు. పోతూ పోతూ ఆకులో చుట్టిన బెల్లం ముక్క అరుగు మీద పెట్టిపోయేవాడు, ఇచ్చినట్టు కాకుండా, మరిచిపోయినట్టు. ఆ చలివేంద్రం అమ్మది. నాన్న పేరిట పెట్టింది. నాకు ఊహ తెలియకముందు, ఇంటికొక మగవాణ్ణి పంపాలని సైనికులు ఊరి మీద పడినప్పుడు, వాళ్ళ బియ్యం మూటలూ తూటాల పెట్టెలూ మొయ్యడానికి మా ఇంటి నుంచి నాన్నని తీసుకుపోయారు. నాన్న రాలేదు. ఆయనతో మోసిన మనిషొకడు తిరిగొచ్చి చెప్పాడట, కొండ ఎక్కుతుండగా నీళ్ళడిగాడు, ఇవ్వలేదు, మళ్ళీ అడిగాడు, కాలితో తన్నారు, మూడోసారి అడగలేదు అని. అమ్మ దాని గురించి నాతో ఒక్కసారి మాత్రమే మాట్లాడింది. ఆ తర్వాతంతా కుండలే. తెల్లవారుజామున నిన్నటి నీళ్ళు పారబోసి, కొబ్బరి పీచుతో లోపలి జిగురు రుద్ది, బావి నుంచి కొత్త నీళ్ళు. "ఒక్క పూట కుండ ఖాళీగా ఉందంటే అక్కడ మీ నాన్న గొంతు ఆరిపోతుందే" అనేది. అమ్మ మోకాళ్ళు పట్టేశాక ఆ పని నాది. జ్వరంలోనూ చేశాను. బడికి పోయే రోజుల్లోనూ చేశాకే పోయేదాన్ని, పలక తడిసేది. పంతులమ్మ తిట్టేది కాదు, ఆమే మా కుండల్లో నీళ్ళు తాగి వచ్చేది, తర్వాత జీతం వద్దని, ఈ ప్రభుత్వం కింద పనిచెయ్యనని తెల్ల కాగితం గుమ్మానికి అంటించి ఇంట్లో కూర్చుంది, ఒక సాయంత్రం సైనికుల బండి వచ్చి తీసుకుపోయింది, ఆమె గొడుగు ఇంకా మా ఇంట్లోనే ఉంది.

చెక్క కొన అరిగి వేలి గోరు సానకి తగిలింది. ఆ రోజు పొద్దున కూడా ఇలాగే నా చేతులు నన్ను అడక్కుండా పనిచేశాయి. అదే కదా నేను ఎవరికైనా చెప్పాలంటే చెప్పగలిగింది, నా చేతులు చేశాయి అని, ఎవరు వింటారు. తెల్లవారకముందే కాపలా కుర్రాడు మోటారుసైకిలు మీద వీధులన్నీ తిరుగుతూ అరిచాడు, దండు వస్తోంది, నది వైపు నుంచి వస్తోంది, లేవండి లేవండి అని. మాకిది కొత్త కాదు. ఎలా పారిపోవాలో ఊరంతా బాగా నేర్చుకుంది, ల్విన్ మో ఇల్లిల్లూ తిరిగి నేర్పాడు. ఊరు ఖాళీ అయి వారమైనట్టు కనపడాలి. అలా కనపడితే వాళ్ళు ఆగరు, నాలుగు ఇళ్ళు దులిపి, కోళ్ళని పట్టుకుని ముందుకు పోతారు. మనుషులు ఇప్పుడే లేచిపోయారని తెలిస్తే మాత్రం ఆగుతారు, చుట్టుపక్కల వెతుకుతారు. అందుకని పొయ్యి ఆర్పి వేడి బూడిద గొయ్యిలో పూడ్చాలి. ఆరేసిన బట్టలు తియ్యాలి. వాకిట్లో అడుగులు చీపురుతో చెరిపెయ్యాలి. నేను అన్నీ చేశాను. వదిన కంటే జాగ్రత్తగా చేశాను, పొయ్యిలో పాత చల్ల బూడిద తెచ్చి పోశాను, చెప్పుల జత తిరగేసి దుమ్ము చల్లాను, నాకు నేనే మెచ్చుకున్నాను. అన్నయ్య ఊరి ఎడ్లని తోలుకుని వడ్రంగి కొడుకులిద్దరితో తాటితోపులోకి పోతూ, "త్వే, అమ్మని నువ్వు చూసుకో, మీ వదిన పాపని చూసుకుంటది, నన్ను ఎడ్లు చూసుకుంటాయి" అన్నాడు. అదీ అన్నయ్య. తున్ యీ అంటే ఊళ్ళో అందరికీ నవ్వే ముందు గుర్తొచ్చేది. అప్పటికి వెలుగొస్తోంది. అమ్మని దించి వదినతో ముందు పంపి, మరచిపోయినవి ఏమైనా ఉన్నాయా అని నేను వెనక్కి తిరిగి చూశాను, చూస్తే కుండలు. నిన్నటి నీళ్ళు. ఆలోచించానా? ఆలోచించలేదని ఇన్నాళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆలోచించాను. ఎన్నాళ్ళు నక్కి ఉండాలో వాగులో, రెండు రోజులో మూడు రోజులో, కుండలు ఎండితే అమ్మ బాధపడుతుంది అనుకున్నాను. నీళ్ళు పారబోశాను, రుద్దాను, బావికి రెండుసార్లు పోయాను, మూడు కుండలూ అంచుల దాకా నింపాను. చేతులు తుడుచుకుని, వాకిలి చెరిపిన చీపురుని కూడా దాచి, పరిగెత్తాను. ఊరు ఊరంతా పాడుబడినట్టుంది, మధ్యలో మా చింతచెట్టు కింద కొత్త నీళ్ళు.

ఆడవాళ్ళం, పిల్లలం ఎండిన వాగులో, గట్టు కింద తుప్పల వెనక. పాప ఏడవకుండా వదిన రొమ్ము నోట్లో పెట్టి అదిమి పట్టుకుంది, లోపలికి ఇంకా లోపలికి జరిగారు అందరూ, నన్ను గట్టు దగ్గర ఉంచారు, "దీనికి నోరు లేదు, ఇదే కాపలాకి మంచిది" అని సెయిన్ అత్త అక్కడ కూడా ఒక మాట విసిరింది. ఎంతసేపయిందో. ముందు బూట్ల చప్పుడు, తర్వాత పొగ, తర్వాత తుపాకీ చప్పుడు తాటితోపు వైపు నుంచి, ఒకటి, ఆగి ఇంకోటి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి వాగు గట్టు మీది బండిదారిన వాళ్ళు వస్తున్నారు, నేను మట్టికి మొహం ఆనించి పడుకున్నాను, తుప్పల సందులోంచి కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ముందు మూడు జతల చెప్పుల్లేని కాళ్ళు. ఆ కాళ్ళలో ఒక జత అన్నయ్యవి, కుడి బొటనవేలు నాగలికి తెగి వంకరగా అతుక్కుంది, నాకు తెలుసు. వెనక బూట్లు. ఇద్దరు చుట్టలు ముట్టించుకోడానికి సరిగ్గా నా తల పైన ఆగారు. "వారం కింద పోయారంట. కుండల్లో కొత్త నీళ్ళు, కింద నేల ఇంకా తడిగా ఉంది, పొద్దున నింపిన నీళ్ళవి. ఇక్కడే ఎక్కడో నక్కారన్నానా లేదా?" అన్నాడొకడు. "అన్నావులే, నీకు సారు ఒక పతకం ఇస్తాడు, మెళ్ళో కట్టుకు పడుకో." "పతకం ఎవడిక్కావాలి, అన్నం పెడితే చాలు." రెండోవాడు నవ్వాడు. వాడి గొంతు చిన్నది, అన్నయ్య కంటే చిన్నవాడై ఉంటాడు. "నీళ్ళు మాత్రం బావున్నాయి. మా ఊరి నీళ్ళలా ఉన్నాయి. ఆ ఒక్క ఇంటికీ నిప్పు పెట్టొద్దని సారు కూడా అన్నాడు, నీళ్ళు తాగాం కదా అని." తర్వాత బూట్లు కదిలాయి. నేను మట్టి నోట్లో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు, అరుస్తానేమోనని కాబోలు. ఉప్పగా ఉంది.

తూర్పు వరసని ఆనుకునే ఉన్నా మా ఇల్లొక్కటీ అందుకే కాలలేదు. "మీ ఇల్లెలా మిగిలిందే?" అని ఎంతమంది అడిగారో, అమ్మ పుణ్యం అన్నారు చివరికి వాళ్ళే, చలివేంద్రం పుణ్యం అన్నారు, తల ఊపాను. వడ్రంగి పెద్ద కొడుకు తర్వాత శవమై దొరికాడు, నది దారిలో, మోకాలి కింద ఏమీ లేదు, మందుపాతరలు ఉన్నాయో లేదో చూడ్డానికి వాళ్ళని దండుకి ముందు నడిపించారని అప్పుడు తెలిసింది. చిన్నవాడు, అన్నయ్య ఇంకా రాలేదు. అన్నయ్య లేడని ఎవరూ అనడం లేదు, ఉన్నాడనీ అనడం మానేశారు. సంతలో ఉప్పు రావడం లేదు, మాత్రలు రావడం లేదు, చెక్‌పోస్టు దగ్గర జ్వరం మందు దొరికితే కూడా మందు తెచ్చినవాణ్ణి కూర్చోబెడతారు, ఊళ్ళో ఫోను పలకదు, టవరు ఆపేసి ఎన్నో నెలలయింది. ఫోను పలికేది ఒక్క తాటిచెట్ల తలల మీద. ఊరందరికీ ఈ సంగతి తెలుసు, పట్నంలో కూతురున్నవాళ్ళు, మలేషియాలో కొడుకున్నవాళ్ళు ఫోను బా షెయిన్ బాబాయికి ఇచ్చి, పైకెక్కినప్పుడు ఈ మాట చెప్పు, ఆ మాట చెప్పు అనేవాళ్ళు, ఆయన పైనుంచి అందరి కాపురాలూ ఊరికి వినపడేలా అరిచేవాడు, "మీ అల్లుడికి దగ్గు తగ్గిందంట, మీసం పెంచాడంట!" అని. ఆ రోజు పొద్దున ఆయన మాట్లాడింది కొడుకుతో, ఆయనే చెప్పాడు. ఏ సైనిక శిబిరంలో ఉన్నాడో తెలియని కొడుకు వారానికొకసారి ఒక అయిదు నిమిషాలు ఫోను దొంగతనంగా చేస్తాడు, దండు వస్తోందన్నా సరే ఆ అయిదు నిమిషాల కోసం ఆయన దిగలేదు. దిగేలోపు కింద సైనికులు ఉన్నారు. ఆకుల్లో మట్టల్లో ముడుచుకుని, కింద అన్నయ్యని కొడుతుంటే చూస్తూ, పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నాడు. ముగ్గురినీ పట్టుకున్నవాళ్ళకి పైనున్నవాడు ఎలా కనపడలేదు అని ల్విన్ మో అడుగుతున్నాడు. కొడుకు ఆ పక్క, ఫోను చేతిలో, ఒంటి మీద గీత లేదు. నేనైనా అంతే అడిగేదాన్ని, ఏమీ తెలియకపోతే.

చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. ల్విన్ మోకి చెప్పనా, అతను నాతో పాటు బడిలో వెనక బల్ల మీద కూర్చున్నవాడు, లెక్కలు నా పలకలో చూసి రాసుకున్నవాడు. అతను నన్నేం చేస్తాడు. ఏమీ చెయ్యకపోవచ్చు. వడ్రంగి ఇంటి ముందు నుంచి మాత్రం నేను నడవలేను ఇక. వడ్రంగి పెళ్ళాం నా మొహం మీద ఉమ్మేసినా తుడుచుకోలేను. సెయిన్ అత్త ఊరంతా చెప్తుంది, వీళ్ళ ఇల్లు ఊరికే మిగల్లేదర్రా అని. ఒప్పుకుంటే ప్రాణం పోదు నాకు, బా షెయిన్ బాబాయి ప్రాణం పోతుంది ఒప్పుకోకపోతే, ఇంత తేలికైన తూకం, పిల్లలైనా తూచేస్తారు, నేను తూచలేకపోతున్నాను. నిన్న మఠం పక్కనుంచి పోతే ధర్మసత్రం గుంజకి ఆయన్ని కట్టేసి ఉంచారు. నన్ను చూశాడు. "త్వే" అన్నాడు, అని ఊరుకున్నాడు, వెటకారం ఏదో వెతుక్కున్నాడు కాబోలు, దొరకలేదు. నేను తల వంచుకుని గబగబా వచ్చేశాను, వచ్చి ఇక్కడ ఇదే సాన ముందు కూర్చున్నాను, నిన్న కూడా ఇంతే.

"చాల్లే, తియ్యడం ఆపు, గిన్నె నిండిపోతుంది" అంది వదిన. ఎప్పుడు వచ్చి కూర్చుందో. పాపని నా ఒళ్ళో పడేసి, వేళ్ళతో గంధం తీసి బుగ్గ మీద రాసుకుంటోంది, అద్దం లేకుండా, ఎక్కడ పడితే అక్కడ. నేను పాప మెడ మడత విప్పి పూస్తున్నాను. పాప నవ్వింది.

"వదినా."

"ఊఁ."

"బా షెయిన్ బాబాయి కాదు."

వదిన చెయ్యి ఆగలేదు. రెండో బుగ్గ మీదికి పోయింది. "ఏది కాదు?"

"దండుకి చెప్పింది ఆయన కాదు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు."

"నీకెలా తెలుసు?" అంది, కానీ అడిగినట్టు లేదు ఆ గొంతు. పక్క గదిలో, తడిక అవతల, అమ్మ పడుకుని ఉంది, అన్నయ్యని తీసుకుపోయిన రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకుంది, జపమాల పూసల చప్పుడు తప్ప ఆమె ఉన్నట్టే ఉండదు. వదిన ఆ తడిక వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించింది. "కుండలు నువ్వు నింపావు కదా."

నాకు చెవుల్లో గాలి దూరినట్టయింది. పాప నా వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది, గంధం చేదుగా ఉంటుందని లాక్కోవాలి, లాక్కోలేదు.

"వాగులోంచి అందరి కంటే ముందు ఎవరు వచ్చారనుకున్నావు? నేను. మీ అన్నయ్య ఇంటికి వచ్చాడేమోనని పరిగెత్తుకొచ్చాను. ఒక కుండలో సగం నీళ్ళున్నాయి. చిప్ప కింద పడుంది. చుట్టూ బూటు కాళ్ళు. మూడు కుండలూ బోర్లించాను. బూటు గుర్తుల మీద ఎండాకులు తోశాను. ఎవరికైనా కనపడితే నువ్వేం చెప్తావు? నీకు చెప్పడం వచ్చా?"

"వదినా, నాకు తెలిసి చేయలేదు..."

"నువ్వు తెలిసి చేశావని నేనన్నానా?" అప్పుడు చూసింది నా వైపు. బుగ్గల మీద గంధం పచ్చిగా మెరుస్తోంది, ఆ పైన కళ్ళు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. "నిన్ను చంపేద్దామనుకున్నాను త్వే. ఆ కుండ పట్టుకుని నీ నెత్తిన వేద్దామనుకున్నాను. రెండు రోజులు నీ చేతి అన్నం తినలేకపోయాను, నువ్వు నాకు బాధతో ఆకలి పోయిందనుకున్నావు. తర్వాత ఆలోచించాను. మీ అన్నయ్య లేడు. నువ్వూ నలుగురి నోట్లో పడితే ఈ ఇంట్లో ఎవరుంటారు? అత్తయ్యని ఎవరు చూస్తారు, దీన్ని ఎవరు ఎత్తుకుంటారు, నేను ఏ చేలోకి కూలికి పోవాలి? మనకి బా షెయిన్ ఏమవుతాడు, చెప్పు?"

ఏమవుతాడు. వదినకి పురుడు వచ్చిన రోజు వానలో ఎవరి ఎడ్లనో అడిగి బండి కట్టి మంత్రసానిని తెచ్చినవాడు అవుతాడు. ఆ మాట వదినకి కూడా గుర్తుండే ఉంటుంది, అందుకే పాప వైపు చూడటం లేదు. నేను నోరు విప్పాలి. ఇది ఆయన ప్రాణం అనాలి. "ఏమీ కాడు" అన్నాను.

ఆ మాట నాదేనా అనుకునేలోపు నా ఒళ్ళంతా తేలికైంది. అది దాచను, దాచుకోవాల్సిన చోట ఇదొక్కటే అయినా. వదినకి తెలుసు, తెలిసీ నన్ను ఉంచింది, ఇక నేను ఒక్కదాన్నే మొయ్యక్కర్లేదు, ఎన్ని రోజుల తర్వాతో గుండెల నిండా ఊపిరి వచ్చింది, ఆకలి వేసింది. ఆకలి వేసింది నాకు, అక్కడ ఒక మనిషిని గుంజకి కట్టేసి ఉంచితే. వాళ్ళు ఊరికి నిప్పు పెట్టి పోయారు, అన్నయ్యని తీసుకుపోయారు, పోతూ పోతూ మాకు ఇదొకటి నేర్పిపోయారు కాబోలు, మనకేమవుతాడు అని అడగడం, ఏమీ కాడని చెప్పడం. వదిన లేచి జుట్టు ముడి వేసుకుంటోంది. "నేను అబద్ధం చెప్పను. చూసిందే చెప్తాను. ఫోను చూశాను, అంతే. ఆ పైన వాళ్ళిష్టం" అంది, నాకు కాదు, తనకి తాను. నేను తల ఊపాను. తల ఊపుతూ విన్నాను, ఏదో ఆగిపోయిందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. పూసల చప్పుడు. ఎప్పుడు ఆగిందో. గంధం గురించి మాట్లాడుకుంటున్నప్పుడే ఆగిందో, తర్వాత ఆగిందో.

తడిక పక్కకి జరిగింది. అమ్మ నిలబడి ఉంది. మోకాళ్ళు పట్టుకుని, గుంజ పట్టుకుని, తనంతట తాను లేచింది. మఠానికి పోయేటప్పుడు వేసుకునే గోధుమరంగు పైగుడ్డ భుజానికి అడ్డంగా వేసుకుంది, ఒక కొన కిందికి జారితే మళ్ళీ సరిచేసుకుంది, తల దువ్వి ముడి వేసింది, అంతసేపు తడిక అవతల నుంచి మేం ఏ చప్పుడూ వినలేదు. నా వైపు చూసింది. తిట్టే చూపు కాదు, తిడితే బాగుండేది. చిన్నప్పుడు బావి దగ్గర జారి పడ్డప్పుడు దెబ్బ ఎక్కడ తగిలిందో చూసినట్టు చూసింది. వదిన "అత్తయ్యా, మీరు..." అంది. అప్పుడే మఠం వైపు నుంచి చెక్కగంట మొదలైంది, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా. అమ్మ వెళ్ళి ఏం చెప్తుందో నాకు తెలుసు. కుండలు నావి, నీళ్ళు నేను పోశాను అంటుంది, ఎవరడిగినా అంతకు మించి అనదు. నేను లేవాలి. పాపని వదిన చేతిలో పెట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాలి, లేదా ఆమె కంటే ముందు పరిగెత్తాలి, ఆమె నడక ఎంత నెమ్మదో, ఇప్పుడు లేచినా ముందే చేరుకోగలను. ముసలామెని ఏం చేస్తార్లే. ఆ మాట నాలో ఎంత తొందరగా పుట్టిందో, ఎవరూ నేర్పక్కర్లేకుండా, ఎంత గుండ్రంగా పుట్టిందో. పాప నా ఒళ్ళో నిద్రపోతోంది, నేను లేస్తే అదీ లేస్తుంది అని కూడా అనుకున్నాను. అమ్మ మా ఇద్దరి మధ్య నుంచి నడిచి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, చెప్పులు కాలితో వెతుక్కుని తొడుక్కుంది. ఎక్కడికని మేం అడగలేదు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ పట్టుకుని దిగి, చెక్కగంట మోగుతున్న వైపు వెళ్ళిపోయింది.